దావత్ చెయ్యి

డ్రైవింగు నేర్పే మా షెడ్డును ఇప్పుడు చూసుకుంటున్న ఉస్తాద్ మేనల్లుడు నా చోట ఒక కాలేజీ అమ్మాయిని పెట్టుకుంటున్నాడట. ఆమె ఎవరో నాకు తెలియదు. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ముక్కలు చెప్పమంటే నా వల్ల కాదు. కొత్తవాళ్ల ముందు నా గొంతు పెగలదని షెడ్డులో అందరికీ తెలుసు. రాయడమైతే అలవాటే. రోజూ డైరీ రాసుకునేదాన్ని గనక ఇదీ అలాంటిదే అనుకుని, ఆ అమ్మాయినే 'నువ్వు' అంటూ మొదలుపెట్టాను.

"ముప్పై నిండకుండానే రిటైరైన మనిషివి నువ్వేనే" అని మా అమ్మ నవ్వుతోంది. నవ్వనీ. పోలీస్ యాక్షన్‌కు కొంచెం ముందు ఈ పనిలో చేరాను. హైదరాబాదు స్టేటు ఇక ఉండదని, ఆంధ్రతో కలిపేస్తారని అందరూ చెప్పుకుంటున్న ఈ రోజుల్లో మానేస్తున్నాను. ఒక రాజ్యం వెళ్లిపోవడానికి పట్టినంత కాలం ఒకే నల్లబల్ల ముందు నిలబడి చేతులు ఊపాను. అది చాలు.

దుప్పటి వెనక

రాణీగంజ్ వెనక సందులో రేకుల షెడ్డు. లోపల ఒక పాత లారీ, దానికంటే పాతదైన కారు, గోడకు నల్లబల్ల. ఉస్తాద్ అసలు పేరు నర్సింగరావు. ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. కంటోన్మెంటులో తెల్లవాళ్ల లారీలు నడిపి నడిపి, చివరికి నడపడం నేర్పేవాడయ్యాడు. చేతిలో విద్య ఉంది, చదువు లేదు. లైసెన్సు పరీక్షేమో రెండు భాగాలు. బండి నడిపి చూపించడం ఒకటి. అది ఉస్తాద్ చూసుకునేవాడు. రెండోది ఆఫీసరు బల్ల ముందు నిలబడి, రోడ్డు రూల్స్ అడిగితే నోటితో చెప్పడం, చెయ్యి సైగలు చేసి చూపించడం. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్లకు ఇంగ్లీషు పుస్తకం చూసి తెలుగులో చెప్పడానికి నన్ను పెట్టుకున్నాడు. ఉర్దూ పుస్తకం చదివి చెప్పడానికి వేరే ఒక మున్షీ ఉండేవాడు.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డవాళ్లం. నాన్న మిషన్ బడిలో టీచరు. ఆయన పోయాక ఇంట్లో ఎవరో ఒకరు పనిలోకి వెళ్లక తప్పలేదు. ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే. బడిలో ఖాళీ లేదు. ఇక్కడ ఉంది.

నా సిగ్గు చూసి ఉస్తాద్ తాడు కట్టి దాని మీద ఒక దుప్పటి అడ్డం వేశాడు. దాని వెనక కూర్చుని చదివాను. అవతల నుంచి ఎవరో "ఉస్తాద్, దుప్పటికి చదువు మంచిగొచ్చు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎవరికీ కనబడదు గనక.

కొద్ది రోజులకే చిక్కొచ్చింది. డ్రైవరు కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటాడు గనక సైగలన్నీ కుడి చేత్తోనే. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి బయటికి నేరుగా చాపాలి. ఎడమకు తిరగాలన్నా అదే కుడి చెయ్యి చాపి గుండ్రంగా తిప్పాలి. ఆగాలంటే అరచెయ్యి ముందుకు పెట్టి పైకెత్తాలి. ఇవన్నీ దుప్పటి వెనక నుంచి ఎన్నిసార్లు చదివినా ఎవరికీ పట్టుబడలేదు.

"సైగ చెవులకు కనబడుతదా ఎస్తేరమ్మా? జెర లేచి నిలబడు" అని ఉస్తాద్ దుప్పటి లాగేశాడు.

అంతమంది మగవాళ్ల ముందు చెయ్యి భుజం దాకా చాపి నిలబడటం ఎలా ఉంటుందో, అలా నిలబడినప్పుడే నీకు తెలుస్తుంది. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. మా అమ్మ బియ్యం ఏరుతూ, "చర్చి కోయిర్‌లో మాస్టారు పాట ఎత్తుకునే ముందు చెయ్యెత్తరూ, అలా ఎత్తవే. వాళ్లే నోరు మూసుకుంటారు" అంది. మర్నాడు అలాగే ఎత్తాను. నోరు మూసుకున్నారు. నీకు నేను చెప్పగలిగిన మొదటి మాట ఇదే: చెయ్యి సగం చాపకు. సగం చాచిన చేతిని చూసే నవ్వుతారు.

పోలీస్ యాక్షన్ రోజుల్లో షెడ్డు మూసేశాం. మళ్లీ తెరిచినప్పుడు మున్షీ రాలేదు. ఎక్కడికి పోయాడని ఉస్తాద్ ఎవరినీ అడగలేదు. అప్పట్లో అలా అడగడానికి అందరూ జంకేవాళ్లు. ఆయన కుర్చీ నాకు వచ్చింది. దానికి చేతులున్నాయి, దిండుంది. చాలా రోజులు నేను దాని అంచు మీదే కూర్చున్నాను.

మామా అల్లుళ్లు

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరికీ గుర్తుండదు. ఈ సంగతి ఉస్తాద్‌కు నాకంటే ముందే తెలుసు. మిట్ట మీద ఒక బండి ఎక్కుతూ, ఒకటి దిగుతూ ఎదురుపడితే దిగే బండే ఆగి దారివ్వాలి. దీన్ని నేను ఎన్ని రకాలుగా చెప్పినా మర్నాటికి మరిచిపోయేవాళ్లు. ఉస్తాద్ బీడీ ఆర్పి వచ్చి ఒక్కసారి చెప్పాడు.

"ఎక్కేటోడు అల్లుడు, దిగేటోడు మామ. అల్లుడొస్తుంటె మామ పక్కకు జరగాలె. సమజైందా?"

ఇక ఎవరూ మరిచిపోలేదు. అలాంటి గుర్తులు ఆయన దగ్గర బోలెడు. వాటిని ఒక వరసలో పెట్టి అప్పజెప్పించేవాడు. జట్కా తోలడం మాని లారీ నేర్చుకుంటున్న బాలయ్య అనే ఆయన ఆ వరస మొత్తం పదాల్లా పాడేవాడు. పరీక్షకు వెళ్లి, మొహం మాడ్చుకుని వచ్చాడు.

"సారు వరస మార్చిండు ఉస్తాద్! నడిమిట్లది ముందుగాల అడిగిండు. గట్ల మారిస్తె ఎట్ల?"

"రోడ్డు మీద బర్రె సుత వరసల్నే అడ్డమొస్తదారా?" అన్నాడు ఉస్తాద్.

బాలయ్యతో సహా అందరం నవ్వాం. రెండోసారి బాలయ్య పాసయ్యాడు. ఇప్పుడు పాల వ్యాను నడుపుతున్నాడు.

ఉస్తాద్ మంచి గురువు. ఆ మాట ముందు చెప్పి తర్వాత మిగతాది చెబుతాను. గుర్తు అనేది చేతికర్ర లాంటిది. నడవలేనివాడికి ఇస్తే నిలబెడుతుంది. నడిచేవాడి చేతికిస్తే కాళ్ల మధ్య పడుతుంది. ఎవరు నడవగలరో ఎవరు నడవలేరో చూసే ఓపిక ఉస్తాద్‌కు ఉండేది కాదు. అందరికీ కర్ర ఇచ్చేవాడు.

కాలిన కాగితం

కాశిం భాయ్ వచ్చింది పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. నెరిసిన గడ్డం, పొడుగు మనిషి. షెడ్డులోకి రాగానే మా పాత లారీ దగ్గరికి వెళ్లి, గుర్రం మెడ నిమిరినట్టు బానెట్ మీద చెయ్యి వేశాడు. చిన్నతనంలో ఎద్దులబండి తోలి, తర్వాత చాలా ఏళ్లు లారీ నడిపినవాడు. ఆయనకు నడపడం నేర్పాల్సిన పని లేదు. కాగితమే కావాలి.

"పాత లైసెన్సు ఏమాయె?" అని ఉస్తాద్ అడిగాడు.

"ఇల్లు కాలింది. ఇంట్ల పెట్టె కాలింది. పెట్టెల కాయితం కాలింది" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. జిల్లాల్లో ఆ రోజుల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఉస్తాద్ ఊరి పేరు కూడా అడగలేదు.

భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని యాప్రాల్‌లో బావమరిది ఇంటికి చేరాడు. అక్కడ రాళ్ల క్వారీ కంట్రాక్టరు ఒకాయన కొత్త లారీ కొన్నాడు. కాశిం భాయ్ పనితనం ఎవరి నోటో విని, "కాయితం తే, తాళం తీస్కో" అన్నాడు. కాగితం లేకుండా నడపడానికి మాత్రం కంట్రాక్టరు ఒప్పుకోలేదు, కాశిం భాయ్ కూడా ఒప్పుకోలేదు. రోడ్ల మీద అడుగడుగునా పోలీసు నాకాలు, తనిఖీలు. ఆ పేరుతో, కాగితం లేకుండా, ఆ రోజుల్లో నాకా దగ్గర ఆగడమంటే జరిమానాతో పోయే సంగతి కాదు.

రూల్స్ చెబుతుంటే తలవంచుకుని వినేవాడు. నేను అడిగితే సరిగానే చెప్పేవాడు. ఒక్కటి గమనించాను. "ఎడమకు తిరగాలి, సైగ చెయ్యండి" అంటే ఒక క్షణం తన చేతుల వంక చూసుకునేవాడు. అన్నం తినే చెయ్యి ఏది, రెండోది ఏది అని లోపల లెక్క చూసుకుని అప్పుడు చేసేవాడు. ఒకరోజు ఉస్తాద్ లారీలో పక్కన కూర్చుని "దాపట కొట్టు!" అని అరిచాడు. కాశిం భాయ్ చేతులు చూసుకోలేదు, ఆగలేదు. బండి ఎడమకు తిరిగిపోయింది.

నువ్వు పట్నం పిల్లవైతే నీకీ మాటలు తెలియకపోవచ్చు. కాడి కింద ఎడమవైపు కట్టే ఎద్దు దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. బండి తోలినవాళ్లకు దారి ఎప్పుడూ దాపటా ఎలపటానే. కుడి ఎడమలు ఒంటికి. దాపట ఎలపటలు దారికి. కాశిం భాయ్ లారీని సైతం ఆ రెండు ఎద్దుల మధ్య నుంచే నడిపేవాడు.

పరీక్షకు పంపాం. ఫెయిలై వచ్చాడు.

లైసెన్సు ఆఫీసులో అప్పటికి కొత్త ఆఫీసరు. ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చినవాడు. తెలుగు రాదు. హిందూ పేరో క్రైస్తవ పేరో అయితే పక్కనున్న గుమాస్తా చేత తెలుగులో అడిగించేవాడు. ముస్లిం పేరు కనబడితే గుమాస్తాను ఆపి తనే హిందుస్తానీలో అడిగేవాడు. అది మర్యాద అనుకునేవాడు. కాశిం భాయ్‌ను అలాగే అడిగాడు.

"'దాయే ముడో' అన్నడు సారు" అని చెప్పాడు కాశిం భాయ్. "దాపట మలిగే సైగ జేసిన."

ఉస్తాద్‌కు వెంటనే అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఉర్దూలో దాయే ముడో అంటే కుడికి తిరుగు అని. తెలుగు బండివాడికి దాపట అంటే ఎడమ. దాయేకూ దాపటకూ మొదటి అక్షరం ఒకటే. బల్ల అవతల టోపీ పెట్టుకున్న ఆఫీసరు, ఇవతల భయంతో బిగుసుకుపోయిన మనిషి. "దా" అనే శబ్దం చెవిన పడగానే చెయ్యి తనకు తెలిసిన ఎడమ సైగ చేసేసింది.

"అరే, సాయబువైయ్యుండి దాయే బాయే తెల్వదా కాశిం భాయ్?" అన్నాడు ఉస్తాద్.

"బజార్ల కుడికి సీదా హాత్, ఎడమకు ఉల్టా హాత్ అంటరు. గది ఎరికె. ఈ దాయే బాయే ఆఫీసోళ్ల తురకం. మా ఇంట్ల తెలుగే ఉస్తాద్. నమాజు కాడ తప్ప మాకు తురకం ఏడిది?"

నేను అతి కష్టం మీద నోరు విప్పి, "తెలుగులో అడగమని చెప్పరాదా?" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. కోపం లేదు. "ఎట్ల జెప్పాలె బిడ్డా? ఊర్ల తుర్కోడని తరిమిన్రు. ఈడ తురకం రాదని చెప్తే, ఇంగ నేనెవణ్ని?"

 

రెండు మాటలు

మర్నాటి నుంచి ఉస్తాద్ తన పద్ధతిలో మొదలుపెట్టాడు.

"కాశిం భాయ్, ఇగ చూడు. దా అంటే దావత్. దావత్ ఏ చేత్తోని తింటవ్?"

కాశిం భాయ్ కుడి చెయ్యి ఎత్తాడు.

"శాబాష్. దా అన్నరంటె దావత్ చెయ్యి. బా అంటే బాకీ. దావత్ చెయ్యి పోంగ మిగిలింది. అయిపాయె!"

నిజంగా మంచి గుర్తు. చెప్పి ఊరుకోలేదు. లారీ కడుగుతుంటే వెనక నుంచి "దా!" అని అరిచేవాడు. కాశిం భాయ్ తడి గుడ్డతోనే కుడి చెయ్యి చాపేవాడు. చాయ్ తాగుతుంటే "దా!" గ్లాసు కింద పెట్టి చెయ్యి చాపేవాడు. మొదట్లో మిగతావాళ్లు నవ్వేవాళ్లు. "ఏం కాశిం భాయ్, దావత్ ఎప్పుడు?" అని ఆటపట్టించేవాళ్లు. "కాయితం రానీ, బిర్యానీ తినిపిస్త" అనేవాడు. ఆయన నవ్వగా చూసింది ఆ కొద్ది రోజులే. యాప్రాల్ కంట్రాక్టరు కబురు పంపాడు, ఈసారి కాగితం రాకపోతే వేరే మనిషిని చూసుకుంటానని. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఇటు నేను వేరే దారి చూశాను. ఆ మనిషికి దారి తెలుసు, మాట తెలుసు. ఆఫీసరుకు ఆ మాట తెలియదు, అంతే. ఆఫీసరుకు చెబితే చాలు. చెప్పడం ఎలా? ఆ ఆఫీసుకు నేను కాగితాలు ఇచ్చి రావడానికి వెళ్లేదాన్ని. గుమాస్తా చేతిలో పెట్టి తిరిగి వచ్చేసేదాన్ని. ఆఫీసరు గదిలోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆ ఆఫీసున్న జేమ్స్ స్ట్రీటు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, మళ్లీ వెనక్కి నడిచి, చివరికి లోపలికి వెళ్లాను. చెప్పాల్సిన వాక్యాలు ఇంగ్లీషులో బట్టీ పట్టుకుని వెళ్లాను. రెండో వాక్యానికే వరస తప్పింది. అప్పుడు బాలయ్య గుర్తొచ్చాడు.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. నీకు తరచూ ఎదురయ్యేది అలాంటి వాళ్లే. చెబితే వింటారు, చెప్పేదాకా వాళ్లకు తోచదు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ముస్లింకు ఉర్దూ రాకపోవడమేమిటి?" అన్నాడు.

"ఇక్కడి పల్లెల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారండీ."

"ఆయన నాతో ఆ మాట అనలేదే?"

ఆఫీసరే మళ్లీ, "ఏ మాట వాడితే అర్థమవుతుంది?" అని అడిగాడు.

దాపట, ఎలపట. ఆయన వాటిని పలికి చూసుకున్నాడు. దాపట ఆయన నోట్లో "దాబట" అయింది. మళ్లీ మళ్లీ పలికి, తల ఊపాడు. "నేనే అడుగుతాను. కానీ ఈ సంగతి ఆయనకు తెలియకూడదు, మీ ఉస్తాద్‌కూ తెలియకూడదు. ముందే తెలిస్తే అది పరీక్ష కాదు, పాఠం" అన్నాడు.

న్యాయమైన మాటే అనిపించింది. సరేనన్నాను. అటు ఉస్తాద్ మందు వేస్తున్నాడు, ఇటు నేనూ వేశాను. జ్వరం తగ్గకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. ఇంటికి వచ్చాక అమ్మ, "ఆఫీసరుతో మాట్లాడావా! నువ్వేనా!" అని ఆశ్చర్యపోయింది. నాకు కూడా నమ్మబుద్ధి కాలేదు. ఆ పూట హాయిగా పుస్తకం చదువుకున్నాను.

పరీక్ష

ఆ రోజు ఉస్తాద్‌తో పాటు నేనూ వెళ్లాను. వరండా కిటికీలో నుంచి లోపల బల్ల కనిపిస్తుంది. బల్ల మీద నాలుగు రోడ్ల కూడలి గీసిన పలక, దాని మీద చెక్క బండ్లు. కాశిం భాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు.

ఈసారి గుమాస్తా తెలుగులోనే మిట్ట గురించి అడిగాడు. చెప్పాడు. బడి ముందు ఏం చెయ్యాలో అడిగాడు. చెప్పాడు. ఆఫీసరు గుమాస్తాను ఆపి, ముందుకు వంగి, నవ్వుతూ తనే అడిగాడు.

"కాశిం. దాబట."

కాశిం భాయ్ కళ్లు ఒక్కసారి వెలిగాయి. ఆ బల్ల అవతల నుంచి తన మాట వస్తుందని ఎన్నడూ అనుకుని ఉండడు. ఎడమ భుజం కొంచెం కదిలింది కూడా. అది నేను చూశాను. అంతలోనే కుడి చెయ్యి లేచింది. తిన్నగా, గట్టిగా, కిటికీ బయటికి చాపినట్టు చాపాడు. తిప్పలేదు. కుడికి తిరిగే సైగ.

వరండాలో ఉస్తాద్ నుదురు కొట్టుకున్నాడు.

ఆఫీసరు నావైపు ఒక చూపు చూసి, మళ్లీ అడిగాడు. "ఎలబట?"

చెయ్యి అలాగే ఉంది. అది కుడి అయితే ఇది ఎడమ కావాలి గదా. కాశిం భాయ్ చాపిన చెయ్యిని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూ తిప్పుతూ, ఏదో తప్పు జరుగుతోందని తెలిసిన మొహంతో, ఆపలేక తిప్పుతూనే ఉన్నాడు. ఆఫీసరు కలం తీసేదాకా తిప్పాడు.

బయటికి వచ్చాక ఉస్తాద్ ఆగలేకపోయాడు. "దాపటకు దావత్ చెయ్యి లేపితివేంది కాశిం భాయ్! పుట్టి బుద్ధెరిగినకాడ్నుంచి తెలిసిన మాట గద!"

"దా అంటే దావత్ అని నువ్వే జెప్తివి గద ఉస్తాద్."

ఉస్తాద్ జేబులో బీడీ కోసం వెతికాడు. దొరికింది గానీ వెలిగించుకోలేదు.

కాశిం భాయ్ తన కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని, దాని వంక చూస్తూ నాతో అన్నాడు. "ఎద్దుల కాన్నుంచి నాతోని ఉన్న మాట బిడ్డా. ఇల్లు కాలినా గా మాట ఉండె. గది సుత పాయె."

ఆఫీసరుతో నేను మాట్లాడిన సంగతి దారిలో ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన తిట్టలేదు. "నాకు చెప్తె దావత్ మాన్పిస్తుంటి గద ఎస్తేరమ్మా" అన్నాడు. తర్వాత అమ్మకు చెబితే, "కుడి, ఎడమ అని అడగమని చెప్పి ఉంటే సరిపోయేదేమోనే" అంది. సరిపోయేది. ఆయన తన చేతుల వంక ఒక క్షణం చూసుకునేవాడు, సరిగ్గా చేసేవాడు. అన్నిటికంటే మంచి మాట ఇవ్వాలనుకున్నాం అందరం. ఆ మంచి మాటే అప్పటికి చెడిపోయి ఉంది.

యాప్రాల్ లారీ తాళం ఇంకొకరికి వెళ్లింది. మళ్లీ పరీక్ష ఇవ్వమని ఉస్తాద్ చాలాసార్లు కబురు పెట్టాడు. "నోట్లె మాట నిలబడ్తలేదు" అని తిరుగు కబురు వచ్చింది. మనిషి రాలేదు.

తలుపు మీద చప్పుడు

ఇక నీకు చెప్పాల్సింది కొంచెమే. ఎవరొచ్చినా పుస్తకం తెరవకముందు, నీ రెండు చేతులనూ నువ్వేమంటావు అని అడుగు. ఏమంటే అదే రాయి, అదే వాడు. అది పుస్తకంలో లేకపోయినా సరే, నీ చెవికి మోటుగా తోచినా సరే. దాన్ని దిద్దకు. దాని పక్కన దానిలా వినిపించే ఇంకో మాట పెట్టకు. ఒక మనిషికి ఇద్దరు సాయం చేస్తుంటే, ఆ ఇద్దరూ ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఎవరైనా పెద్దమనిషి దాచిపెట్టమంటే, ఎందుకని అడుగు. నాకు లేని గొంతు నీకు ఉంటుంది, కాలేజీలో చదివావు.

పేరు చూసి భాష ఎంచే ఆఫీసర్లు పోలేదు. పేర్లు మారాయి, భాషలు మారాయి, అంతే. రేపు స్టేటు మారితే ఇంకో పుస్తకం వస్తుంది. దాన్నీ ఎవరో ఒకరు తలకిందులుగా నేర్చుకుంటారు.

నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా స్టీరింగు పట్టుకోలేదు. ఉస్తాద్ ఎన్నోసార్లు రమ్మన్నాడు. ఇప్పుడు ఆయనకు చూపు ఆనడం లేదు గనక ఆ మాట కూడా లేదు.

కిందటి వారం అల్వాల్ బస్సులో వస్తుంటే, దారి చీలే చోట మా పక్కన రాళ్ల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కొత్తవాడు, దారి తెలియనివాడు. అతని పక్కన ఎడమ తలుపు దగ్గర, క్లీనరు కూర్చునే చోట, కాశిం భాయ్. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నేను కిటికీలో నుంచి తల వెనక్కి లాక్కున్నాను. పలకరిస్తే ఏం మాట్లాడాలో తోచలేదు.

"కాశిం భాయ్, ఇగ ఎటు?" అని డ్రైవరు అడిగాడు.

కాశిం భాయ్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. కిటికీ బయటికి చెయ్యి పెట్టి, తన పక్క తలుపు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

లారీ దాపటకు మలిగి వెళ్లిపోయింది.